వచ్చును, వచ్చుచున్నది : ఆంగ్లమున వర్తమానకాలము

కాజీపేట రైలుస్టేషను నెరుగని విద్యార్థి మన పాఠశాలలో ఉండడు. నైజాము రైలుమార్గము వరంగల్లు మీదుగా సాగి 1889 నాటికి బెజవాడ చేరినది. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ మార్గము పూర్తి కాగా, మద్రాసునుండి ఢిల్లీకి నేరుగా పోవు దారి యేర్పడినది. సికింద్రాబాదు, బల్లార్షా, విజయవాడ దిక్కుల బండ్లు కలిసికొను కూడలిగా మన ఊరికి పేరు వచ్చినది ఇట్లే. ఈ కూడలిలో తెలుగు, హిందీ, ఉర్దూ, ఆంగ్లము అను నాలుగు భాషలు ప్రతిదినము చెవిని పడుచుండును. ఆంగ్లవ్యాకరణమున ప్రారంభ విద్యార్థులను మిక్కిలి కలతపెట్టు వర్తమానకాలమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు ఈ స్టేషనుకంటె మంచి బడి వేరొకటి లేదని మేము తలచుచున్నాము.

ఎట్లనగా, ఒక బండి నిత్యము ఉదయము 6 గంటలకు వచ్చుననుకొందము. కాలపట్టికను చూచి ఆ సంగతి చెప్పువాడు ఆంగ్లమున 'ది ట్రెయిన్ కమ్స్ ఎట్ సిక్స్' అనవలెను. అదే బండి పొగమంచులోనుండి దీపము చూపుచు సమీపించునప్పుడు 'ది ట్రెయిన్ ఈజ్ కమింగ్' అనవలెను. మొదటి వాక్యము విన్నవాడు రేపటి ప్రయాణమునకు సిద్ధపడును. రెండవ వాక్యము విన్నవాడు పెట్టె చేతబట్టి లేచి నిలుచును. ఒక చిన్న మాట మారినంతనే వినువాడు చేయవలసిన పని మారిపోయినది. ఈ భేదమును తెలిసికొన్నవాడు వర్తమానకాలమున సగము నేర్చినవాడే. మొదటిదానిని సింపుల్ ప్రెజెంట్ అనియు, రెండవదానిని ప్రెజెంట్ కంటిన్యుయస్ అనియు ఆంగ్లవ్యాకరణములు పేర్కొనును.

మన భాషలో ఈ భేదము లేదా?

'ఇది ఆంగ్లేయుల చిక్కు, మన భాషలో ఇట్టిది లేదు' అని కొందరు విద్యార్థులు విసుగుకొందురు. ఇది సరికాదు. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున భూత, భవిష్యత్, వర్తమానములతోపాటు 'తద్ధర్మము' అను నాలుగవ రూపము కలదు. 'పాడుచున్నాడు' అనునది వర్తమానము. 'పాడును' అనునది తద్ధర్మము. ఒకని స్వభావమును, వాడుకను, ఎల్లప్పుడు నిలిచియుండు ధర్మమును తెలుపునది కావున దానికా పేరు వచ్చినది. 'సూర్యుడు తూర్పున ఉదయించును', 'కోకిల వసంతమున కూయును' అను వాక్యములలోని క్రియలు అట్టివి. సూర్యుడు ఇప్పుడే ఉదయించుచున్నాడని ఆ వాక్యమున కర్థము కాదు. అర్ధరాత్రమున చెప్పినను ఆ మాట నిజమే.

విద్యార్థులు దీనిని గట్టిగా పట్టుకొనవలెను. ఆంగ్లేయుల సింపుల్ ప్రెజెంట్ మన తద్ధర్మమునకు సరిజోడు. వారి కంటిన్యుయస్ మన వర్తమానమునకు సరిజోడు. 'వచ్చును' అన్నచోట 'కమ్స్', 'వచ్చుచున్నది' అన్నచోట 'ఈజ్ కమింగ్'.

మన వరంగల్లు ప్రాంతపు పలుకులోను ఈ భేదము చెడలేదు. 'బండి రోజూ వస్తది' అనుటకును, 'అగో, బండి వస్తాంది' అనుటకును గల తేడా బడికి పోని పిల్లవానికి సైతము తెలియును. ఉర్దూ, హిందీ వచ్చినవారికి మరియొక ఆధారము కలదు. 'గాడీ ఛే బజే ఆతీ హై' అన్నచో నిత్యకృత్యము, 'గాడీ ఆ రహీ హై' అన్నచో ఇప్పటి సంగతి. కావున కాజీపేట విద్యార్థి ఆంగ్లతరగతిలో అడుగిడుటకు ముందే ఈ పాఠమును రెండు భాషలలో నేర్చియున్నాడు. అతడు చేయవలసినదెల్ల ఆ తెలివిని మూడవ భాషకు కొనిపోవుటయే.

అయినను తప్పు ఎచట పుట్టుచున్నది?

నేటి తెలుగున 'చున్న' రూపము తన యెల్ల దాటి విస్తరించినది. 'మా నాన్న రైల్వేలో పనిచేయుచున్నాడు', 'నేను తొమ్మిదవ తరగతి చదువుచున్నాను', 'మేము ఫాతిమానగరులో నివసించుచున్నాము' అని మనము చెప్పుదుము. ఇవి తెలుగున నిర్దుష్టములైన వాక్యములు. వీనిని మాటకు మాటగా ఆంగ్లమునకు మార్చినచో 'మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ది రైల్వే' అని యగును. అప్పుడు ఆంగ్లేయుడు 'ప్రస్తుతమునకు అచట పనిచేయుచున్నాడు, ముందుముందు ఏమగునో' అని భావించును. ఇరువదియేండ్లుగా స్థిరముగా నున్న ఉద్యోగము, పాపము, మన వాక్యదోషము వలన తాత్కాలికమైపోవును.

ఇట్టి సందేహము కలిగినప్పుడు ఉపయోగించుటకు మేము విద్యార్థులకు ఒక పరీక్షను సూచింతుము. దీనికి నిద్రపరీక్ష యని పేరు పెట్టవచ్చును. ఆ పని చేయువాడు ఈ క్షణమున నిద్రించుచున్నాడనుకొనుము. అప్పుడును నీ వాక్యము నిజమేనా? నిజమే యైనచో సింపుల్ ప్రెజెంట్ వాడుము. నిజము కాకపోయినచో కంటిన్యుయస్ వాడుము.

తండ్రి నిద్రించుచున్నను ఆయన రైల్వే ఉద్యోగియే. కావున 'మై ఫాదర్ వర్క్స్ ఇన్ ది రైల్వే.' అమ్మ నిద్రించుచు వంట చేయజాలదు. కావున వంటయింటిలో నున్న అమ్మను గూర్చి 'మై మదర్ ఈజ్ కుకింగ్.' అదే అమ్మ ప్రతిదినము వంటచేయు సంగతి చెప్పునప్పుడు 'మై మదర్ కుక్స్ ఎవ్రీ డే.'

ఈ పరీక్షకు ఒక మినహాయింపు కలదు. కొలదికాలము మాత్రమే సాగు పని యైనచో, చేయువాడు నిద్రించుచున్నను కంటిన్యుయస్ చెల్లును. మామూలుగా సికింద్రాబాదులో పనిచేయు ఉద్యోగిని ఒక నెలకొరకు కాజీపేటకు పంపిరనుకొందము. అప్పుడు 'హి ఈజ్ వర్కింగ్ ఇన్ కాజీపేట దిస్ మంత్' అనవలెను. ఇందు 'దిస్ మంత్' అను మాటయే ఆ తాత్కాలికత్వమును వెల్లడించుచున్నది.

సింపుల్ ప్రెజెంట్ : ఒక్క అక్షరపు బరువు

మన తెలుగున క్రియను నేర్చుట ఎంత శ్రమయో చూడుడు. నేను పాడుదును, నీవు పాడుదువు, వాడు పాడును, మేము పాడుదుము, మీరు పాడుదురు, వారు పాడుదురు. కర్త మారినకొలది క్రియ తోక మార్చుచుండును. తెలుగు నేర్వవచ్చిన దొరలు ఈ తోకలతో చాల పాట్లుపడిరి. వారికి సాయముగా 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌన్, 1873లో ఆర్డెన్ ఆంగ్లమున తెలుగు వ్యాకరణములు రచించిరి. ఆంగ్లక్రియ దీనితో పోల్చిన మిక్కిలి పొదుపరి. 'ఐ సింగ్, యు సింగ్, వి సింగ్, దే సింగ్' అని యెల్లచోట్ల ఒకటే రూపము. 'హి, షి, ఇట్' అను మూడింటికి మాత్రము చివర 'ఎస్' అను అక్షరము చేరి 'సింగ్స్' అగును.

ఇందొక వింత కలదు. మన తద్ధర్మమునను 'వాడు పాడును, ఆమె పాడును, అది పాడును' అని ఆ మూడింటికి ఒకటే రూపము. వర్తమానమున 'పాడుచున్నాడు, పాడుచున్నది' అని లింగభేదము కనబడును గాని తద్ధర్మమున కనబడదు. కావున 'పాడును' అను మాటలోని 'ను' ఎచట వచ్చునో అచట ఆంగ్లమున 'ఎస్' వచ్చునని గుర్తుంచుకొనవచ్చును. పశుపక్ష్యాదులు అనేకములైనప్పుడు మాత్రము ఈ గుర్తు పనికిరాదు. 'అవి పాడును' అనుటకు 'దే సింగ్' అనవలెనే గాని 'సింగ్స్' అనరాదు.

'యు' అనునది ఒక్కని గూర్చి చెప్పినను 'ఎస్' ఏల చేరదని విద్యార్థులు తరచుగా అడుగుదురు. మనము పెద్దవారిని 'మీరు' అని బహువచనమున మన్నించి, 'మీరు వచ్చుచున్నారు' అని క్రియను సైతము బహువచనమున నిలుపుదుము గదా! ఆంగ్లమునను ఒకప్పుడు ఒక్కనికి 'దౌ' అనియు, పలువురకు బహువచనమనియు వేరువేరుగా ఉండెడిది. మర్యాద పెరిగిన కొలది బహువచనమే అందరకు వాడుకలోనికి వచ్చి, 'దౌ' మూలబడినది. నేటి 'యు' పూర్వపు బహువచనమే. కావుననే ఒక్కనితో మాటలాడునప్పుడును 'యు ఆర్', 'యు సింగ్' అందురు.

'ఎస్' అను అక్షరమునకును ఒక చరిత్ర కలదు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలును తెరచిన 'గోయెత్', 'కమెత్' అను రూపములు కనబడును. ఉత్తర ఇంగ్లండు వారి పలుకులోనుండి వచ్చిన 'ఎస్' క్రమముగా దేశమంతట వ్యాపించి ఆ 'ఎత్' ను తరిమివేసినది.

వ్రాతలో ఈ 'ఎస్' ను చేర్చుటకు మూడు నియమములు చాలును.

1. సాధారణముగా 'ఎస్' ఒక్కటి చేర్పవలెను. రీడ్, రీడ్స్. వర్క్, వర్క్స్.

2. క్రియ 'ఎస్', 'ఎస్‌హెచ్', 'సిహెచ్', 'ఎక్స్', 'ఓ' అను అక్షరములతో ముగిసినచో 'ఈ-ఎస్' చేర్పవలెను. వాష్, వాషెస్. టీచ్, టీచెస్. గో, గోస్.

3. హల్లు తరువాత 'వై' వచ్చినచో ఆ 'వై' ని 'ఐ' గా మార్చి 'ఈ-ఎస్' చేర్పవలెను. స్టడీ అను క్రియ ఇట్టిది. అచ్చు తరువాత 'వై' వచ్చిన ప్లే వంటి క్రియకు ఈ మార్పు లేదు, 'ఎస్' చేర్చిన చాలును.

ఇక 'హావ్' అను క్రియ ఏ నియమమునకును లొంగక 'హాజ్' అగును.

పలుకులోను ఈ అక్షరము మూడు వేషములు ధరించును. క, ట, ప, ఫ వంటి పరుషధ్వనుల తరువాత 'స్' అని పలుకవలెను. వర్క్‌స్, సిట్‌స్, హెల్ప్‌స్. నాదము గల ధ్వనుల తరువాత 'జ్' అని పలుకవలెను. రీడ్‌జ్, కమ్‌జ్, గోజ్. స, ష, చ, జ ధ్వనుల తరువాత 'ఇజ్' అని పలుకవలెను. వాషిజ్, టీచిజ్. మన లిపిలో 'కమ్స్' అని వ్రాయుట వాడుకయైనను, నోట రావలసినది 'కమ్‌జ్' అని విద్యార్థులు గ్రహింపవలెను.

సింపుల్ ప్రెజెంటును ముఖ్యముగా నాలుగు సందర్భములలో వాడుదురు. నిత్యకృత్యములకు 'వి ప్లే ఎవ్రీ ఈవెనింగ్' అని వాడుదురు. ఎల్లకాలము నిలుచు సత్యములకు 'ది గోదావరి ఫ్లోస్ ఇంటు ది సీ' అని వాడుదురు. స్థిరముగా నున్న సంగతులకు 'ది థౌజండ్ పిల్లర్ టెంపుల్ స్టాండ్స్ ఇన్ హనుమకొండ' అని వాడుదురు. 1163 నాటినుండి నిలిచియున్న ఆ గుడికి 'ఈజ్ స్టాండింగ్' అనుట తగదు. అది కొంతసేపు నిలిచి కూర్చుండునది కాదు గదా! నాలుగవది కాలపట్టిక. రేపు జరుగబోవునదైనను ముందే నిర్ణయమైనచో 'ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో' అనవచ్చును. అయితే ఒకనికి మాట ఇచ్చునప్పుడు ఇది చెల్లదు. 'రేపు వస్తాను' అనుటకు 'ఐ కమ్ టుమారో' అనరాదు, 'ఐ విల్ కమ్ టుమారో' అనవలెను. మన 'వస్తాను' అను మాట వాడుకను, భవిష్యత్తును రెండింటిని మోయును. ఆంగ్లమున ఆ రెండు బరువులకు ఇద్దరు కూలీలు కలరు.

యామ్, ఈజ్, ఆర్

తెలుగున 'ఇది మా బడి', 'ఆయన మా గురువు', 'ఈ తోట పెద్దది' అను వాక్యములలో క్రియ లేదు. క్రియ లేకున్నను అర్థమునకు కొరత లేదు. ఆంగ్లమున ఇట్లు కుదరదు. క్రియ లేని వాక్యము వారికి ఇరుసు లేని బండి. కావున 'దిస్ ఈజ్ అవర్ స్కూల్', 'హి ఈజ్ అవర్ టీచర్' అని నడుమ 'ఈజ్' ఉండితీరవలెను. 'ఐ' కి 'యామ్', 'హి, షి, ఇట్' లకు 'ఈజ్', మిగిలిన వానికెల్ల 'ఆర్'.

కర్త విషయమునను ఇట్టి భేదమే కలదు. 'వచ్చుచున్నాను' అన్నంతనే వచ్చువాడు నేనని తెలుగు క్రియయే చెప్పును. ఆంగ్లక్రియకు ఆ శక్తి లేదు. కావున 'ఐ' అను కర్తను విడువరాదు. 'యామ్ కమింగ్' అనుట తొందరలో చెల్లవచ్చును గాని వ్రాతలో చెల్లదు. 'వాన పడుచున్నది' అనుటకు వారు 'ఇట్ ఈజ్ రెయినింగ్' అందురు. అందలి 'ఇట్' ఏ వస్తువును తెలుపదు. కర్తస్థానము ఖాళీగా నుండరాదని దానిని కూర్చుండబెట్టిరి.

కంటిన్యుయస్ : రెండు చక్రముల బండి

ఇప్పుడు జరుగుచున్న పనిని చెప్పుటకు రెండు చక్రములు కావలెను. ఒకటి యామ్, ఈజ్, ఆర్ అనువానిలో తగినది. రెండవది 'ఇంగ్' చేరిన క్రియ. 'ఐ యామ్ రీడింగ్', 'షి ఈజ్ రీడింగ్', 'దే ఆర్ రీడింగ్'. మొదటి చక్రము మరచి 'షి రీడింగ్' అనుట, రెండవ చక్రము మరచి 'షి ఈజ్ రీడ్' అనుట, ఈ రెండును ప్రారంభమున సర్వసాధారణములైన తప్పులు. మన 'చదువుచున్నది' అను మాటలో 'చదువుచు' అనునది 'రీడింగ్' తోను, 'ఉన్నది' అనునది 'ఈజ్' తోను సరిపోవును. మనము రెండింటిని కలిపి ఒకే మాటగా పలుకుదుము. వారు విడివిడిగా పలుకుదురు. ఇంతియే భేదము.

'ఇంగ్' చేర్చునప్పుడు వర్ణక్రమమున మూడు మెలకువలు కావలెను. 'కమ్', 'రైట్' వంటి క్రియల చివర పలుకబడని 'ఈ' అక్షరమును తీసివేయవలెను. 'రన్', 'సిట్' వంటి పొట్టి క్రియలలో చివరి హల్లును రెట్టింపవలెను. 'లై', 'డై' వంటి క్రియలలో చివరి 'ఐ-ఈ' ని 'వై' గా మార్చవలెను.

ఏర్పాటు చేసికొన్న రేపటి పనికిని ఈ రూపమును వాడుదురు. 'వి ఆర్ గోయింగ్ టు హైదరాబాద్ టుమారో' అనుట శుద్ధమే. మనమును 'రేపు హైదరాబాదు వెళ్లుచున్నాము' అందుము గదా!

'ఇంగ్' ఒల్లని క్రియలు

కొన్ని క్రియలు చేతితోగాని కాలితోగాని చేయు పనులను తెలుపవు, మనస్సున నుండు స్థితిని తెలుపును. నో, అండర్‌స్టాండ్, బిలీవ్, వాంట్, లైక్, రిమెంబర్ అనునవి అట్టివి. స్వంతమై యుండుటను తెలుపు 'హావ్' కూడ ఈ కుటుంబములోనిదే. వీనికి సాధారణముగా 'ఇంగ్' చేర్పరాదు. 'ఐ యామ్ నోయింగ్' అనుట తప్పు, 'ఐ నో' అనవలెను. మనమును 'నాకు తెలియును' అని తద్ధర్మముననే చెప్పుదుము. ఇచట తెలుగును నమ్మి నడచిన చాలును.

'నాకు ఇద్దరు తమ్ములు ఉన్నారు' అనుటకు 'ఐ యామ్ హావింగ్ టు బ్రదర్స్' అని మన దేశమంతట వినబడును. 'ఐ హావ్ టు బ్రదర్స్' అనవలెను. తమ్ములుండుట ఒక స్థితియే గాని ఒక పని కాదు. భోజనము చేయుట పని. కావున 'వి ఆర్ హావింగ్ లంచ్' అనుటలో దోషము లేదు. మాట ఒకటే యైనను అర్థము మారిన నియమము మారును.

కాదనుటకు, అడుగుటకు

తెలుగున నిషేధము క్రియలోనే ఇమిడియుండును. 'వచ్చును' అనుటకు ఎదురుమాట 'రాడు'. ప్రశ్నకు చివర ఒక్క 'ఆ' చాలును. 'వచ్చునా?' ఆంగ్లమున సింపుల్ ప్రెజెంటుకు ఈ రెండు పనులను చేయుటకు 'డు' అను సహాయకుని పిలువవలెను. 'ఐ డు నాట్ నో', 'డు యు నో?' అను వాక్యములు ఇందుకు నిదర్శనములు. కర్త 'హి, షి, ఇట్' లలో ఒకటియైనచో సహాయకుడు 'డజ్' అగును. 'హి డజ్ నాట్ కమ్', 'డజ్ హి కమ్?'

ఇచట మిక్కిలి మెలకువ కావలెను. 'ఎస్' ఒక్కటే ఉన్నది, దానిని మోయువాడు ఒక్కడే. సహాయకుడు వచ్చినంతనే ఆ బరువును తాను తీసికొని, అసలు క్రియను తేలికపరచును. కావున 'డజ్ హి కమ్స్?' అనుట తప్పు. ఒకే మూటను ఇద్దరి నెత్తిన పెట్టినట్లగును.

కంటిన్యుయసునకు 'డు' తో పని లేదు. అందు ఈజ్, యామ్, ఆర్ లు ముందే సిద్ధముగా నున్నవి. 'షి ఈజ్ నాట్ రీడింగ్' అనుట కాదనుట. 'ఈజ్ షి రీడింగ్?' అనుట అడుగుట.

ఈ రెండు ప్రశ్నలను వేరుపరుపలేక ఉద్యోగపరీక్షలలో తడబడువారు కలరు. 'వాట్ డు యు డు?' అని అడిగిన నీ వృత్తి యేమని అర్థము. 'ఐ యామ్ ఏ స్టూడెంట్' అనిగాని 'ఐ వర్క్ ఇన్ ఏ బ్యాంక్' అనిగాని చెప్పవలెను. 'వాట్ ఆర్ యు డూయింగ్?' అని అడిగిన ఇప్పుడేమి చేయుచున్నావని అర్థము. మొదటి ప్రశ్నకు 'ఐ యామ్ సిట్టింగ్' అని బదులు చెప్పినచో ఎంత విద్య యున్నను అధికారికి నవ్వు వచ్చును.

'గా' అను ప్రత్యయముతో జాగ్రత్త

'పదియేండ్లుగా కాజీపేటలో నివసించుచున్నాము' అను వాక్యము తెలుగున వర్తమానమే. ఆంగ్లమున ఈ రెండు వర్తమానములును దీనికి చాలవు. గతమున మొదలై నేటివరకు వచ్చినదానికి వారు 'హావ్', 'హాజ్' అను మాటలను ముందుంచి 'వి హావ్ లివ్డ్ ఇన్ కాజీపేట ఫర్ టెన్ ఇయర్స్' అందురు. కాలపు కొలతకు 'ఫర్' అనియు, మొదలైన దినమునకు 'సిన్స్' అనియు వాడవలెను. 'వి ఆర్ లివింగ్ హియర్ ఫ్రమ్ టెన్ ఇయర్స్' అనుట తెలుగు వాక్యమునకు ఆంగ్లపు చొక్కా తొడిగినట్లుండును. ఈ మూడవ రూపమును పై తరగతులలో విస్తరముగ నేర్తురు. ఇప్పటికి ఈ మాత్రము చాలును.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను మొదట తామే ఆంగ్లమున వ్రాసి, తరువాత ఉత్తరములతో సరిచూచుకొనవలెను.

1. మా అక్క హనుమకొండలో బోధించుచున్నది. 2. చూడుము, పాప నడచుచున్నది. 3. నాకు ఈ పాట తెలియును. 4. అతడు కాఫీ త్రాగడు. 5. నీవు ఎందుకు నవ్వుచున్నావు? 6. ఈ చెరువు పెద్దది. 7. మీ తమ్ముడు క్రికెట్ ఆడునా? 8. మేము అయిదేండ్లుగా ఇచట ఉన్నాము.

ఉత్తరములు :

1. 'మై సిస్టర్ టీచెస్ ఇన్ హనుమకొండ.' అక్క నిద్రించుచున్నను ఉపాధ్యాయినియే.

2. 'లుక్, ది బేబీ ఈజ్ వాకింగ్.' చూడుము అనుటచేతనే ఇది ఇప్పటి సంగతి.

3. 'ఐ నో దిస్ సాంగ్.' ఇది మనఃస్థితి.

4. 'హి డజ్ నాట్ డ్రింక్ కాఫీ.' బరువు 'డజ్' మోయుచున్నది.

5. 'వై ఆర్ యు లాఫింగ్?' ఇందు 'డు' తో పని లేదు.

6. 'దిస్ లేక్ ఈజ్ బిగ్.' తెలుగున లేని క్రియ ఆంగ్లమున వచ్చినది.

7. 'డజ్ యువర్ బ్రదర్ ప్లే క్రికెట్?' ఇందు 'ప్లే' కు 'ఎస్' లేదు.

8. 'వి హావ్ బీన్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్.' గతమున మొదలై నేటివరకు వచ్చినది.

తలిదండ్రులకు ఒక విన్నపము

పిల్లలు 'హి గో', 'షి కమ్' అన్నప్పుడు కొన్ని ఇండ్లలో పెద్దలు నవ్వుట కలదు. ఆ నవ్వు వలన కలుగు నష్టము తప్పు వలన కలుగు నష్టముకంటె పెద్దది. తప్పుగా మాటలాడు బిడ్డను దిద్దవచ్చును. మాటలాడుటయే మానిన బిడ్డను దిద్దుటకు మార్గము లేదు. 1973లో రోజర్ బ్రౌన్ అను అమెరికా పండితుడు ఆంగ్లమే మాతృభాషగా గల ముగ్గురు పసిపిల్లల మాటలను పరిశీలించి ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన పరిశీలించిన 14 చిన్న రూపములలో 'ఇంగ్' అన్నిటికంటె ముందు పట్టువడెను. 'హి గోస్' లోని 'ఎస్' దానికి చాల వెనుక వచ్చెను. ఆంగ్లము మాటలాడు తల్లి ఒడిలో పెరిగిన బిడ్డకే ఆలస్యముగా వచ్చు అక్షరము, తెలుగుతల్లి బిడ్డకు ఒక్క సంవత్సరమున రాలేదని చిన్నబుచ్చుట న్యాయము కాదు.

ఆంగ్లము రాని తలిదండ్రులు సైతము ఈ విషయమున తోడ్పడవచ్చును. బిడ్డ పుస్తకము తెరచినప్పుడు తెలుగుననే రెండు ప్రశ్నలు అడుగుడు. 'ఇది ఎప్పుడును జరుగునదా, ఇప్పుడు జరుగుచున్నదా?' అనునది మొదటిది. 'చేయువాడు ఎవడు?' అనునది రెండవది. మొదటి ప్రశ్న రూపమును నిర్ణయించును. రెండవ ప్రశ్న 'ఎస్' కావలెనో వలదో నిర్ణయించును. ఈ రెంటికి తెలుగున చక్కగా బదులు చెప్పగలిగిన బిడ్డ ఆంగ్లవాక్యమును నిర్మించుటకు సిద్ధపడినవాడే.

విద్యార్థులకు మేము చెప్పునది ఒకటే. దినమునకు అయిదు వాక్యములు వ్రాయుడు. అందు మూడు నిత్యము చేయు పనులను గూర్చియు, రెండు కిటికీలోనుండి అప్పుడు కనబడుచున్న వానిని గూర్చియు ఉండవలెను. ప్రతి వాక్యము క్రింద దాని తెలుగును వ్రాసి, 'ను' వచ్చినదో 'చున్న' వచ్చినదో చూచి, సందేహమున్నచోట నిద్రపరీక్ష చేయుడు. ఒక నెల గడచునప్పటికి 150 వాక్యములగును. వానిని ఉపాధ్యాయులకు చూపి దిద్దించుకొనుడు. మొదటి పుటలోని ఎఱ్ఱగీతలను చివరి పుటలోని వానితో లెక్కించి చూచినచో, ఎంత దూరము వచ్చితిరో మీకే తెలియును.